చంపకమాలలో ఇరవై అంకెలు

కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఏదో ఒక గడిలో ఈ అంకెలు వరసగా కొట్టి చూడండి: 18446744073709551615. ఎంటర్ నొక్కి, గడిని నంబర్ ఫార్మాట్‌లోకి మారిస్తే కనిపించేది మీరు కొట్టిన సంఖ్య కాదు. 184467440737095 దాకా సరిగ్గానే ఉంటుంది. ఆ తరవాతి ఐదు అంకెలూ సున్నలైపోతాయి. ఎక్సెల్ ఎంత పెద్ద సంఖ్య ఇచ్చినా మొదటి పదిహేను అంకెలే దాచుకుంటుంది.

ఈ ఇరవై అంకెల్లో ఒక్కటి కూడా జారిపోకుండా దాచిన చోటు తెలుగులో ఒకటుంది. అది ఒక చంపకమాల. చదరంగం గళ్ల రెట్టింపు లెక్క చెప్పే పద్యం. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారి నోట మొదటిసారి విన్నాను. అప్పుడు నాకు అందినవి బాణాలూ కొండలూ చంద్రుడూ మాత్రమే. అవన్నీ అంకెలని, రెండు పాదాలు దాటి మూడో పాదం మొదటి దాకా పరుచుకున్న ఆ సమాసం అంతా ఒకే ఒక్క సంఖ్య అని మాస్టారు నల్లబల్ల మీద ఒక్కో మాట కింద ఒక్కో అంకె వేసి చూపించాక గానీ తెలియలేదు.

భూతసంఖ్యల పద్ధతి అది. అంకె పేరు చెప్పకుండా ఆ లెక్కకు సరిపడే వస్తువు పేరు చెబుతారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి ఒకటి. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు ఐదు. తర్కాలు ఆరు, కులపర్వతాలు ఏడు, దిగ్గజాలు ఎనిమిది, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది. ఆకాశం శూన్యం కాబట్టి సున్న. వస్తువుకు ఎన్ని పర్యాయపదాలుంటే అంకెకు అన్ని పేర్లు. కవికి గణం కుదరడానికి కావలసినంత వెసులుబాటు అక్కడే దొరుకుతుంది. మన సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది; పద్యకర్త మూడు చోట్లా మూడు వేర్వేరు కొండ మాటలు వేశాడు. 4 నాలుగుసార్లు వస్తుంది. రెండుసార్లు సముద్రాన్నీ, ఒకసారి వేదాల్నీ, ఒకసారి బ్రహ్మ ముఖాల్నీ పిలిచాడు. అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమవైపుకు నడుస్తాయి. కాబట్టి పద్యంలో అన్నిటికన్నా ముందు వినిపించే బాణం ఈ సంఖ్య చివర ఉన్న 5. ఆఖరున వచ్చే చంద్రుడు మొదట ఉన్న 1.

కన్నులు, చేతులు, పక్షాలు అంటూ రెండుకు ఎన్ని పేర్లో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఈ పద్యంలో అవసరపడలేదు. రెట్టింపు మీద రెట్టింపుగా పుట్టిన ఈ సంఖ్యలో 2 అనే అంకే లేదు.

లెక్కను పద్యంలో పెట్టడం తెలుగుకు కొత్త కాదు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది పదకొండో శతాబ్దంలో. మన సాహిత్యం ఇంకా తొలి అడుగులు వేస్తున్న రోజుల్లోనే భిన్నాలూ క్షేత్రఫలాలూ కందాల్లోకీ వృత్తాల్లోకీ వచ్చేశాయి. అందుకే చదరంగం లెక్క పద్యమైందంటే నాకు ఆశ్చర్యం కలగదు. ఆ లెక్క పెట్టిన ఛందస్సుకూ ఆ లెక్కకూ ఒకే మూలం ఉండటమే నన్ను ఇన్నేళ్లుగా వదలని విషయం. అక్కడికి చేరేలోపు ఈ సంఖ్యను ఒకసారి విడగొట్టి చూడాలి.

కథ అందరూ విన్నదే. చదరంగం కనిపెట్టిన పండితుణ్ణి రాజు ఏం కావాలో కోరుకోమంటాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపమంటాడు పండితుడు. రాజు నవ్వుతాడు. కొఠారులో లెక్కలు వేసినవాళ్లు నవ్వరు. మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. మన లెక్కలో పలకాలంటే లక్షా 84 వేల 467 కోట్ల కోట్లు, 44 లక్షల 7 వేల 370 కోట్లు, 95 లక్షల 51 వేల 615. వెయ్యి వడ్లగింజల బరువు 20 గ్రాములు అనుకుంటే ఈ రాశి సుమారు 36,900 కోట్ల టన్నులు. ఈ రోజుల్లో ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. అంటే నాలుగున్నర శతాబ్దాల పంట.

ఎంత పెద్దదో చెప్పే ఇలాంటి పోలికలు నన్ను అంతగా కదిలించవు. ఎంత పెద్ద సంఖ్య చెప్పినా దానికి ఒకటి కలిపితే ఇంకా పెద్దది వస్తుంది. ఈ సంఖ్య మీద నాకు ప్రేమ పుట్టింది దాని చివర జరిగే ఒక చిన్న తీసివేత వల్ల. 64 గళ్ల మొత్తం 2⁶⁴ కాదు. దానికి సరిగ్గా ఒకటి తక్కువ.

ఎందుకు తక్కువో గుణశ్రేఢి సూత్రం లేకుండానే చూడవచ్చు. పక్కింట్లో ఒక గింజ అప్పు తెచ్చి మొదటి గడిలో ఉన్న గింజ పక్కన పెట్టండి. రెండయ్యాయి. వాటిని రెండో గడిలోకి తోయండి. అక్కడున్న రెండుతో కలిసి నాలుగు. మూడో గడిలోకి తోస్తే ఎనిమిది. ప్రతి గడిలోనూ వచ్చిన గింజలూ ఉన్న గింజలూ సమానం, కాబట్టి ప్రతిసారీ రెట్టింపు. 64వ గడి దాటేసరికి చేతిలో ఉన్నవి 2⁶⁴. ఇక అప్పు తెచ్చిన గింజ తిరిగి ఇచ్చేయండి. మిగిలింది మన సంఖ్య.

2⁶⁴ను మాత్రం ఎలా కట్టాలి? 64 సార్లు రెట్టించనక్కర్లేదని సుమారు క్రీ.శ. 1000 నాటికే అల్ బీరూనీ చూపించాడు. ప్రాచీన జాతుల కాలగణన మీద రాసిన గ్రంథంలో ఆయన ఈ చదరంగం మొత్తాన్ని చివరి అంకె దాకా ఇచ్చాడు. ఆయన వాడిన ఉపాయం వర్గం చేయడం. 2ను వర్గం చేస్తే 4. దాన్ని వర్గం చేస్తే 16. ఆపైన 256. ఆపైన 65536. ఆపైన 4294967296. దాన్ని కూడా వర్గం చేస్తే 18446744073709551616. ఆరే ఆరు గుణకారాలు. అందులోంచి ఒకటి తీసేస్తే చాలు. చివరి గుణకారం చేతితో చేస్తే ఒక పేజీ నిండుతుంది, కానీ బడిపిల్లలు కూడా చేయగలిగిందే. సెలవుల్లో ఒక మధ్యాహ్నం చేసి చూడమని పిల్లలకు చెప్పదగ్గ పని.

ఆ ఆరు మెట్ల వరసను గుర్తుపెట్టుకోండి: 2, 4, 16, 256, 65536, 4294967296. ఒక సంఖ్య వర్గంలోంచి ఒకటి తీస్తే, ఆ సంఖ్యకు ఒకటి తక్కువైనదీ ఒకటి ఎక్కువైనదీ గుణించినట్టే. 16 వర్గం 256, అందులో ఒకటి తీస్తే 255, అది 15 × 17. ఇప్పుడు మన సంఖ్య 4294967296 వర్గంలోంచి ఒకటి తీసినది. కాబట్టి అది 4294967295 × 4294967297. ఇందులో మొదటి సంఖ్య కూడా ఒక వర్గంలోంచి ఒకటి తీసినదే: 65535 × 65537. 65535 మళ్లీ 255 × 257. 255 మళ్లీ 15 × 17. 15 మళ్లీ 3 × 5. ఉల్లిపాయ పొరల్లా ఒకదాని లోపల ఒకటి విడిపోయి, చివరకు మన సంఖ్య ఇలా నిలబడుతుంది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఈ ఆరు సంఖ్యలూ బీరూనీ మెట్లకు ఒక్కోటి కలిపితే వచ్చేవే. మొత్తంలో ఒకటి తీసేశాం; ఆ ఒకటే ప్రతి మెట్టు మీదా కలిసి తిరిగొచ్చింది. 2⁶⁴ను ఎంత విడగొట్టినా రెండ్లు తప్ప ఏమీ రావు. ఒక్క గింజ తగ్గేసరికి అందులో ఒక్క రెండూ లేకపోగా, గణితంలో అతి ప్రసిద్ధమైన సంఖ్యలు వరసగా బయటపడ్డాయి.

అవి ఫెర్మా సంఖ్యలు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి న్యాయాధికారి పియర్ డి ఫెర్మా 1640లో ఈ వరసను చూశాడు. 3, 5, 17, 257, 65537 ఐదూ ప్రధాన సంఖ్యలు. తరవాతివన్నీ కూడా ప్రధాన సంఖ్యలే అయివుంటాయని నమ్మాడు. నిరూపణ చేతికి రాలేదని తన ఉత్తరాల్లో ఒప్పుకున్నాడు కూడా. ఆ తరవాతి సంఖ్య 4294967297, మన సంఖ్యకు చివరి కారణాంకం. దాదాపు తొంభై ఏళ్లు దాన్ని ఎవరూ పగలగొట్టలేదు. 1729 డిసెంబర్‌లో క్రిస్టియన్ గోల్డ్‌బాఖ్ ఈ సంగతి ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో ఇరవై అయిదేళ్ల ఆయిలర్ ఆ సంఖ్య 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని ప్రకటించాడు.

641 × 6700417 = 4294967297.

మూడంకెల చిన్న సంఖ్య అన్నేళ్లు ఎలా తప్పించుకుందని అనిపిస్తుంది. 641కి ముందు 115 ప్రధాన సంఖ్యలున్నాయి. పదంకెల సంఖ్యను అన్నిటితో వరసగా భాగించడం విసుగు పుట్టించే పనే గానీ అసాధ్యం కాదు. ఆయిలర్ దారి వేరు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం అంటూ ఉంటే అది 64 గుణిజానికి ఒకటి ఎక్కువై తీరాలని తరవాత నిరూపించాడు. ఆ జల్లెడలో పోస్తే 641 దాకా మిగిలే ప్రధాన సంఖ్యలు ఐదే: 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికి తలుపు తెరుచుకుంటుంది. 1878లో ఎడువార్ లూకా జల్లెడను ఇంకా సన్నం చేశాడు. 64 కాదు, 128 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలన్నాడు. అప్పుడు మిగిలేవి 257, 641 మాత్రమే. ఇందులో 257 కూడా ఫెర్మా సంఖ్యే, అది ఇంకో ఫెర్మా సంఖ్యను భాగించలేదు (ఎందుకో కిందే వస్తుంది). ఇక మొట్టమొదటి ప్రయత్నమే 641.

భాగహారం చేయకుండానే 641 సంగతి తేల్చే మార్గం ఒకటుంది. నాకు తెలిసిన లెక్కల్లో అతి ముచ్చటైన వాటిలో ఇదొకటి. 641 అంటే 640కి ఒకటి ఎక్కువ, అంటే 5 × 2⁷కు ఒకటి ఎక్కువ. 641 అంటే 625, 16ల మొత్తం కూడా, అంటే 5⁴ + 2⁴. ఇక 641తో భాగించగా వచ్చే శేషాల్ని మాత్రమే చూద్దాం. మొదటి సంగతి ప్రకారం 5 × 2⁷ శేషం −1. దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸, కాబట్టి దాని శేషం 1. రెండో సంగతి ప్రకారం 5⁴ బదులు −2⁴ రాయవచ్చు. రాస్తే −2³² శేషం 1 అవుతుంది. అంటే 2³²కు ఒకటి కలిపితే 641 దాన్ని పూర్తిగా భాగిస్తుంది. 2³² + 1 అంటే 4294967297. అంతే, అయిపోయింది.

6700417 ప్రధాన సంఖ్య. అంటే మన సంఖ్య పూర్తి విడదీత ఇది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాదు. ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో చేస్తూ పోతే 128 భాజకాలు వస్తాయి.

ఇప్పుడు మళ్లీ పద్యం దగ్గరకు. నోటి మీద బతికే పద్యంలో మాటలు మారడం మామూలే. ఛందస్సు కొంత కాపలా కాస్తుంది. గణం చెడితే చెవి పట్టేస్తుంది. కానీ "గిరి" ఉన్నచోట "శశి" పడిందనుకోండి. రెండూ రెండేసి లఘువులు, నడక ఏమీ చెడదు. లెక్కలో మాత్రం 7 పోయి 1 వస్తుంది. దీన్ని పట్టేదెలా? సంఖ్య 3తో భాగింపబడాలి కదా అని అంకెలన్నీ కూడితే 87 రావలసింది 81 వస్తుంది. 81 కూడా 3తో పోతుంది. చివరి అంకె 5 అలాగే ఉంది కాబట్టి 5 పరీక్షా దాటిపోతుంది. దొంగను పట్టేది 17. ఒక్క అంకె మారితే సంఖ్యలో వచ్చే తేడా, 9కి మించని ఒక అంకె పక్కన కొన్ని సున్నలు. అలాంటి సంఖ్యను 17 ఎప్పటికీ భాగించలేదు. కాబట్టి ఇరవై అంకెల్లో ఏ ఒక్కటి మారినా 17 పరీక్ష పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా అంతే. అప్పటి తేడా ఆ రెండు అంకెల తేడాకు తొమ్మిది రెట్లు, పక్కన సున్నలు. అదీ 17కు లొంగదు.

పరీక్ష చేతితోనే చేయవచ్చు. సంఖ్యను ఎడమ నుంచి నాలుగేసి అంకెలుగా విడదీయండి: 1844, 6744, 0737, 0955, 1615. పదివేలను 17తో భాగిస్తే శేషం 4. అందుచేత ఒక ముక్క శేషాన్ని 4తో గుణించి తరవాతి ముక్కకు కలుపుతూ పోతే చాలు. 1844 శేషం 8. నాలుగు ఎనిమిదులు 32, దానికి 6744 కలిపితే 6776, శేషం 10. నలభై కలిపితే 737 కాస్తా 777, శేషం 12. నలభై ఎనిమిది కలిపితే 955 కాస్తా 1003, అది 17 × 59, శేషం సున్న. మిగిలిన 1615 అంటే 17 × 95. సరిపోయింది. మాస్టారు బల్ల మీద రాసిన సంఖ్యను ఈ పద్ధతిలో సరిచూసుకున్న రోజు నాకు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తు. పద్యం చెప్పిన సంఖ్య తన కాపలాదారును తన లోపలే పెట్టుకుంది.

పొరలు విప్పినప్పుడు ఇంకో సంగతి కూడా కనిపించి ఉండాలి. మొదటి ఫెర్మా సంఖ్యలు కొన్నిటిని గుణించి 2 కలిపితే తరవాతి ఫెర్మా సంఖ్య వస్తుంది. 3 × 5 = 15, తరవాతిది 17. 3 × 5 × 17 = 255, తరవాతిది 257. మన సంఖ్య ఆరింటి లబ్ధం, కాబట్టి దానికి 2 కలిపితే ఏడోది: 18446744073709551617. ఈ వరసలో ఏ రెండు సంఖ్యలకైనా ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ను కూడా భాగించాలి. అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి అది కుదరదు. 1730లో గోల్డ్‌బాఖ్ ఆయిలర్‌కు రాసి పంపిన వాదం ఇదే. ప్రతి ఫెర్మా సంఖ్యా అంతకుముందు ఎవరిలోనూ లేని ప్రధాన సంఖ్యను వెంట తెస్తుంది. వరసకు అంతం లేదు కాబట్టి ప్రధాన సంఖ్యలకూ అంతం లేదు. ఆ ఏడో సంఖ్యను 1880లో ఫోర్చునే లాండ్రీ అనే ఫ్రెంచి పెద్దాయన తన 82వ ఏట విడగొట్టాడు: 274177 × 67280421310721. కాగితం, కలం, ఓపిక తప్ప ఇంకే సాధనమూ లేని రోజులవి.

ఫెర్మా నమ్మకం నిలవలేదు. 65537 తరవాత ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఒక్కటీ దొరకలేదు. అయితే ఆ ఐదు సంఖ్యలకు ఆయన ఊహించని గౌరవం దక్కింది. 1796 మార్చిలో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండని గాస్, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి 17 భుజాల క్రమబహుభుజిని గీయవచ్చని కనుక్కున్నాడు. యూక్లిడ్ కాలం నుంచి ఈ విషయంలో కొత్త మాట అదే. బేసి భుజాలున్న క్రమబహుభుజిని అలా గీయగలగాలంటే భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. అది సరిపోతుందని గాస్ 1801లో చూపించాడు, అది తప్పనిసరని 1837లో వాంట్జెల్ నిరూపించాడు. ఇప్పటికి తెలిసినవి 31 అలాంటి బేసి బహుభుజులు. ఆ 31 సంఖ్యలూ మన సంఖ్య భాజకాల్లోనే ఉన్నాయి. అందులో అన్నిటికన్నా పెద్దది 4294967295. 65537 భుజాల బహుభుజిని గీసే పద్ధతి కోసం యోహాన్ హెర్మెస్ పదేళ్లకు పైగా కూర్చుని 1894లో పూర్తిచేశాడు. ఆ రాతప్రతి ఇప్పటికీ గోటింగెన్‌లో భద్రంగా ఉంది.

జల్లెడను సన్నం చేసిన లూకా 1883లో ఈ సంఖ్యకు ఇంకో కథ కట్టాడు. కాశీలో ఒక గుడి, అందులో మూడు సూదులు, 64 బంగారు బిళ్లలు, పెద్దది కింద చిన్నది పైన. ఒక సూది మీది బిళ్లలన్నీ ఇంకో సూదికి చేరేసరికి లోకం ముగుస్తుందని కథ. కావలసిన కదలికలు సరిగ్గా 18446744073709551615. సెకనుకు ఒక బిళ్ల కదిపితే 58 వేల కోట్ల సంవత్సరాలకు పైనే పడుతుంది. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల సంవత్సరాలు. కథ లూకా కల్పించిందే, కాశీలో అలాంటి గుడి లేదు. కానీ ఒక్కో బిళ్ల పెరిగినప్పుడల్లా కదలికలు రెట్టింపై ఒకటి కలుస్తాయి. అప్పు తెచ్చిన గింజ లెక్కే అది.

మన చేతిలోని ఫోన్లలో కూడా ఈ సంఖ్య ఉంది. 64 బిట్ల యంత్రం ఒక గడిలో పెట్టగలిగే అతి పెద్ద పూర్ణాంకం ఇదే: 64 బిట్లూ ఒకట్లే. దానికి ఇంకొకటి కలిపితే ఒకట్లన్నీ వరసగా సున్నలైపోతాయి. గళ్ల వెంట గింజల్ని తోసుకుంటూ వెళ్లాం కదా, సరిగ్గా అలాగే.

ఇక మొదట మాటిచ్చిన సంగతి. మన ఛందశ్శాస్త్రంలో మేరు ప్రస్తారం అని ఒకటుంది. పింగళుడి సూత్రాలకు పదో శతాబ్దంలో హలాయుధుడు రాసిన వ్యాఖ్యలో దాని నిర్మాణం స్పష్టంగా ఉంది. పైన ఒక గడి, దాని కింద రెండు, దాని కింద మూడు. అంచు గళ్లలో ఒకట్లు, లోపలి గడిలో పైనున్న రెండు గళ్ల మొత్తం. ఇన్ని అక్షరాల పాదంలో ఇన్ని గురువులు వచ్చే వృత్తాలు ఎన్నో అది చెబుతుంది. చంపకమాల పాదంలో 21 అక్షరాలు, అందులో ఏడు గురువులు. 21 అక్షరాలకు ఏడు గురువులతో మొత్తం 1,16,280 నడకలు సాధ్యమని మేరువు చెబుతుంది. చంపకమాల వాటిలో ఒకటి.

ఆ మేరువును 64 గళ్లున్న వరస దాకా దించండి. ఆ వరసలో 64 సంఖ్యలూ బేసి సంఖ్యలే, ఒక్కటి కూడా సరిసంఖ్య కాదు. అన్నిటినీ కూడితే 2⁶³, అంటే చదరంగం ఆఖరి గడిలోని గింజలు. బేసి ఉన్నచోట 1, సరి ఉన్నచోట 0 వేసి వరసను బైనరీలో చదివితే 64 ఒకట్లు, అంటే మన సంఖ్య. పైనున్న వరసల్ని కూడా ఇలాగే చదవండి: 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257. ఆ 64 వరసలూ ఇచ్చే 64 సంఖ్యలూ మన సంఖ్యను నిశ్శేషంగా భాగించేవే. మొదటి 32 వరసల్లో 1ని వదిలేస్తే మిగిలిన 31 సంఖ్యలు, గాస్ బహుభుజుల భుజాలు. హలాయుధుడి పటం, గాస్ జ్యామితి ఒకే జాబితా దగ్గర కలుస్తాయని మొదట చదివినప్పుడు పెన్సిల్ పట్టుకుని ఒక్కో వరసా సరిచూసుకుంటే తప్ప నాకు నమ్మకం కుదరలేదు.

చివరిగా ఉద్దిష్టం. గురులఘువుల అమరికలన్నిటినీ వరసగా రాసే ప్రస్తారంలో ఒక వృత్తం ఎన్నోదో కనుక్కునే పద్ధతి ఇది. పాదంలో మొదటి అక్షరం మీద 1 వేస్తారు, రెండో దాని మీద 2, మూడో దాని మీద 4, నాలుగో దాని మీద 8, అలా గడిగడికీ రెట్టింపు. పండితుడు రాజును అడిగిన గింజలే. లఘువుల మీదున్న సంఖ్యల్ని కూడి ఒకటి కలిపితే వృత్తసంఖ్య వస్తుంది. చంపకమాల గణాలు న జ భ జ జ జ ర. లఘువుల మీద పడే సంఖ్యలు 1, 2, 4, 8, 32, 128, 256, 512, 2048, 4096, 16384, 32768, 131072, 524288. మొత్తం 7,11,599. ఒకటి కలిపితే 7,11,600. ఛందోగ్రంథాలు చంపకమాలకు ఇచ్చే వృత్తసంఖ్య అదే.

వృత్తాల ఛందాలు 26 అక్షరాలతో ముగుస్తాయి. ఆ హద్దు దాటి 64 అక్షరాల పాదం ఒకటి ఊహించుకుని, అన్నీ లఘువులే పెట్టి ఉద్దిష్టం కట్టండి. అక్షరాల మీది సంఖ్యల మొత్తం 18446744073709551615. వృత్తసంఖ్య దానికి ఒకటి ఎక్కువ.